కదిలితే తెలిసే పరుపు

పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో మా ఆయన నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగింది లేదు. పంచె చిరిగితే నేనే చూడాలి, చెప్పు తెగితే నేనే చూడాలి. అటువంటి మనిషి కిందటి ఎండాకాలం, శ్రీరామనవమి అయిన వారానికి, చారన్నం కలుపుకుంటూ తలెత్తకుండా ఒక మాట అన్నారు.

"గోదా, మనం పరుపు మారుద్దాం. మెమరీ ఫోమ్‌ది తెచ్చుకుందాం."

నా చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. కార్వాన్‌లో చిన్న నరసింహస్వామి గుడికి అర్చకులాయన. లోకమంతా గర్భగుడి చుట్టే. టీవీ రిమోట్ ఎటు నుంచి పట్టుకోవాలో తెలియని మనిషికి మెమరీ ఫోమ్ అనే మాట ఎవరు నేర్పారు?

నాకు అనుమానం ఎక్కువని మా ఇంటా బయటా అందరికీ తెలుసు. కర్పూరం కొంటే దుకాణం మెట్ల మీదే ఒక బిళ్ళ వెలిగించి, మసి వస్తుందో లేదో చూసిగాని డబ్బులివ్వను. షాలిబండలో ఒక స్కూలు ఆఫీసులో పని నాది. పిల్లలు ఎందుకు రాలేదో తల్లిదండ్రులు చెప్పే సాకులు వినీ వినీ, మనిషి రెండో మాటకు తడబడితే చాలు, నాకు లోపల గంట మోగుతుంది.

మా అమ్మాయి అభిజ్ఞకు నవ్వాగలేదు. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, నోటికి అడ్డూ ఆపూ లేదు.

"బాపూ, మెమరీ ఫోమ్ అంటే ఏందో ఎరికేనా నీకు?"

"ఎరికే. పక్కన ఒకరు కదిలినా ఇంకొకరికి తెల్వదట."

నడుముకు మంచిదనలేదు. మెత్తగా ఉంటుందనలేదు. ఆ ఒక్క గుణమే తెలుసు ఆయనకు. మా పాత పరుపు బూరుగు దూదిది. ఏటా ఎండాకాలం డాబా మీద దూది ఏకించి మళ్ళీ కుట్టించేవాళ్ళం. ఏకేవాళ్ళు మా వైపు రావడం మానేశాక ముద్దలు కట్టింది, నిజమే. కానీ ముద్దలు కట్టి ఏళ్ళయింది. ఇన్నేళ్ళూ లేని బాధ ఇప్పుడెందుకొచ్చింది?

"నేను మస్తు బొర్లుతున్ననా రాత్రిపూట? మీకు నిద్ర పడతలేదా?" అని అడిగాను.

"నువ్వు కాదు. ఊరికెనే అన్న" అని పెరుగు కూడా వేసుకోకుండా లేచిపోయారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పరుపు లొల్లి మొదలైంది. కొనేది పదివేల లోపే ఉండాలని నేను ముందే చెప్పాను. అభిజ్ఞ ఫోన్లో ఒకదాని తర్వాత ఒకటి చూపించేది. ప్రతి పరుపు మీదా ఒక తెల్లటి ఆడమనిషి పడుకుని నవ్వుతుండేది. కింద రాసినవాళ్ళందరూ అయిదుకు అయిదు చుక్కలు ఇచ్చారు.

"అందరికీ గింత మంచిగ ఎట్ల నచ్చిందే? మన బంధువుల్లో నలుగురికి కలిపి ఒక్క పప్పు నచ్చదు" అన్నాను.

"అమ్మా, అన్నిట్ల అనుమానమేనా? గిది చూడు. మూడు నెలలు పండుకొని చూసి, నచ్చకపోతే వాపస్ ఇయ్యొచ్చట. పైసలు మొత్తం ఇచ్చేస్తరట."

"వాపసిచ్చిన పరుపు ఏం చేస్తరు వాళ్ళు?"

అది ఆలోచించలేదు మా పిల్ల. నేను ఆలోచించాను. ఎవరో మూడు నెలలు పడుకుని ఇచ్చేసిన పరుపుకు కొత్త గలీబు తొడిగి మనకు పంపరని నమ్మకం ఏమిటి? మాది మడి ఆచారాల ఇల్లు. ఆయన పొద్దున స్నానం చేశారంటే, గుడి మూసి వచ్చేదాకా మమ్మల్నే తాకరు, మా పక్కబట్టలు అంతకన్నా తాకరు. పొరపాటున తగిలితే మళ్ళీ స్నానమే. అటువంటి ఇంటికి ఎవరి చెమటో పట్టిన పరుపా? ఫోన్లో కొనేది లేదని తేల్చేశాను. దుకాణానికి పోయి, జిప్పు తీసి లోపల ఏముందో కళ్ళతో చూసి తెచ్చుకోవాలి. ఆయన దానికీ సరేనన్నారు. అన్నిటికీ సరేననేవారు, తొందరగా తేవాలని మాత్రం అడుగుతుండేవారు. ఆ తొందరే నాకు మింగుడు పడలేదు.

పరుపు సంగతి పక్కన పెట్టి నేను మనిషిని చూడడం మొదలుపెట్టాను. ఇన్నాళ్ళూ మంచానికి మధ్యగా పడుకునే మనిషి గోడ పక్కకు జరిగారు. నేను నిద్రపోయానో లేదో చూసుకుని గాని వచ్చి పడుకోవడం లేదు. అభిషేకం లేని రోజుల్లో కూడా మధ్యాహ్నం గుడి నుంచి ఇంటికొస్తే ఉత్తరీయం తడిగా ఉంటోంది. ఎదురు రొమ్ము మీద, పంచె కుచ్చిళ్ళ దాకా తడి.

ఇంకెవరైనా అయితే ఎండకు చెమట పట్టిందనుకుంటారు. అర్చకుడి పెళ్ళాం అట్లా అనుకోదు. పొద్దునే స్నానం చేసి మడి కట్టుకున్న మనిషి మధ్యాహ్నానికి మళ్ళీ తడిశాడంటే మళ్ళీ స్నానం చేసినట్టే. మళ్ళీ స్నానం చేశాడంటే తాకకూడనిది తాకినట్టే. గుళ్ళో ఉన్న మనిషికి తాకకూడనిది ఎక్కడ దొరికింది? గుడి వదిలి ఎక్కడికైనా పోతున్నారా?

"ఏం తడి గిది?" అని అడిగాను ఒకరోజు.

"నీళ్ళు తాగిన" అన్నారు.

నీళ్ళు తాగితే బట్టలు తడుస్తాయా అనుకున్నాను. మనిషి నా ముఖం చూసి చెప్పలేదు, తులసికోటను చూసి చెప్పారు.

ఆ వారమే మా స్కూల్లో తెలుగు చెప్పే బిందుమాధవి నా బల్ల దగ్గరకొచ్చి కూర్చుంది. వాళ్ళది గుంటూరు. భర్తకు ఇక్కడ గవర్నమెంటు ఉద్యోగం, దబీర్‌పురాలో రైల్వే స్టేషన్ దగ్గర ఉంటారు.

"గోదాగారూ, నిన్న పొద్దెక్కాక మీ వారిని మా వీధిలో చూశానండీ. పలకరిద్దామనుకునే లోపే సందులోకి తిరిగిపోయారు. మా వైపు ఏదన్నా కార్యక్రమం ఉందాండీ?"

"ఆఁ, ఉందన్నరు" అన్నాను.

ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా అడిగాను. "దబీర్‌పురాల మనకెవరున్నరు?"

ఆయన నామం దిద్దుకునే తిరుమణి పెట్టె మూసి పక్కకు పెట్టారు. "ఒకళ్ళ ఇంట్ల గృహప్రవేశం ఉండె. పిలిస్తే పోయిన" అన్నారు.

వంటింట్లోకి పోయి గోడకు తగిలించిన పంచాంగం వైపు చూస్తూ నిలబడ్డాను. శుక్ర మూఢం మొదలై అప్పటికి పది రోజులు. మూఢంలో ఏ తెలివిగలవాడూ గృహప్రవేశం పెట్టుకోడు, పెట్టుకున్నా మా ఆయన చేయించరు. ఆ మాట లక్షమందికి చెప్పిన నోరు అది. అబద్ధం చెప్పడం రాని మనిషి, చెప్పవలసి వచ్చినప్పుడు తన విద్యకే సంబంధించిన అబద్ధం చెప్పాడు, అదీ నా దగ్గర. నాకు కోపం రాలేదు. భయమేసింది. ఈ వయసులో ఈ మనిషి ఎవరింటికి పోతున్నాడు, ఏం తాకి తల మీద నీళ్ళు పోసుకుంటున్నాడు, నా పక్కన కదిలినా నాకు తెలియని పరుపు ఎందుకు కావాలంటున్నాడు అని ఒకదానికొకటి ముడి వేసుకుంటూ పోయాను. ముడులన్నీ ఒకే వైపుకు పోతున్నట్టుండేవి. ఆ వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆదివారం మధ్యాహ్నం గుడి మూశాక అఫ్జల్‌గంజ్ పోయాం, నేనూ ఆయనా. ఇంటి నుంచి ఒక పాత దుప్పటి సంచిలో పెట్టుకున్నాను. దుకాణంలో ఎంతమంది పడుకుని లేచిన పరుపో, దాని మీద మన దుప్పటి లేకుండా నడుం వాల్చలేను.

దుకాణం సమద్ భాయ్‌ది. సందులో సన్నగా కనిపిస్తుంది గాని లోపలికి పోతే పరుపుల మధ్య దారి వెతుక్కోవాలి. ఆయన గడ్డానికి గోరింట రంగు, మెడలో కొలత టేపు.

"ఆయియే అమ్మా, ఆయియే. ఏం గావాలె?"

"మెమరీ ఫోమ్. అసలుది. పైన పేరు రాసి లోపల ఉత్త స్పంజి పెట్టింది కాదు."

సమద్ భాయ్ నవ్వి ఒక పరుపు జిప్పు తానే లాగి చూపించాడు. పైన రెండు వేళ్ళ మందాన పసుపు పొర, కింద అంతా తెల్లటి మామూలు ఫోమ్.

"దొరికింది దొంగతనం" అన్నాను.

"దొంగతనం కాదమ్మా. మొత్తం మెమరీ ఫోమే పెడితే మనిషి లోపటికి దిగుతడు, పొద్దున లేవనీకి ఇద్దరు గుంజాలె. పైన పొర మెత్తగ, కింద గట్టిగ, గట్లనే ఉండాలె. పొర ఎంత మందం అని అడుగుండ్రి, ఎంత బరువు అని అడుగుండ్రి. బరువు తక్కువున్నది సాల్ తిరగకముందే గుంట పడతది. చెయ్యి ఒత్తి చూడుండ్రి."

ఒత్తి చూశాను. నా అరచెయ్యి గుర్తు పడింది, మెల్లగా పైకి లేచింది. పక్కదాని మీద ఒత్తితే చెయ్యి తీయకముందే లేచింది. అది నకిలీ అని నాకు నేనే చెప్పుకున్నాను. వాసన చూశాను. మూల దగ్గర కుట్టు గుంజి చూశాను. సమద్ భాయ్ ఓపికగా నిలబడ్డాడు. నాలాంటివాళ్ళు రోజూ వస్తారు కాబోలు. మా ఆయన మాత్రం మొదటి దాని దగ్గరే, దాని మీద చెయ్యి పెట్టుకుని నిలుచున్నారు.

"ఒకరు కదిలితే ఇంకొకరికి నిజంగ తెల్వదా?" అని అడిగారు. దుకాణంలోకి వచ్చాక ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"బిల్‌కుల్ తెల్వది అయ్యగారూ. చూపిస్త. ముందుగాల్ల స్ప్రింగుది చూడుండ్రి, ఫరక్ మీకే తెలుస్తది. ఇద్దరు పండుకోండ్రి. శరమ్ పడొద్దు, అందరు పండుకుంటరు."

స్ప్రింగు పరుపు మీద దుప్పటి పరిచి, నేను ఈ చివర, ఆయన ఆ చివర పడుకున్నాం. సమద్ భాయ్ మా మధ్యలో ఒక అట్టముక్క పెట్టి, దాని మీద గ్లాసు నిండా నీళ్ళు పెట్టాడు.

"ఇప్పుడు నేను గీ కొస మీద ఒక్క దెబ్బ కొడత. నీళ్ళు ఎట్ల తొణుకుతయో చూడుండ్రి" అని చెయ్యి ఎత్తాడు.

ఎత్తిన చెయ్యి దించలేదు. నీళ్ళు అప్పటికే కదులుతున్నాయి. గ్లాసు మధ్య నుంచి అంచుకు చిన్న చిన్న అలలు, ఆగకుండా.

"పంఖా గాలి" అని సమద్ భాయ్ పోయి ఫ్యాను ఆపాడు.

ఫ్యాను ఆగింది. నీళ్ళు ఆగలేదు.

నేను తల తిప్పి చూశాను. మా ఆయన పైకప్పు వంక చూస్తున్నారు. పంచె కింద కుడికాలు మీద ఎడమకాలు వేసి అదిమి పట్టారు. అదిమిన కాలితో సహా వణుకుతోంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది, పిడికిలి కూడా వణుకుతోంది. చెంబెత్తి నోట్లో నీళ్ళు పోసుకునే మనిషి చెయ్యి అది. నీళ్ళు తాగిన అని ఆయన చెప్పింది నిజమే.

సమద్ భాయ్ ఏమీ ఎరగనట్టు గ్లాసు తీసుకుని, మమ్మల్ని పక్కనున్న మెమరీ ఫోమ్ మీదికి మారమన్నాడు. దుప్పటి దాని మీద పరిచి మారాం. గ్లాసు పెట్టాడు. నీళ్ళు అద్దం పెట్టినట్టు నిలబడ్డాయి.

"ఇదే తీసుకుందాం" అన్నారు మా ఆయన. అంత నిమ్మళం ఆయన గొంతులో విని చాలా రోజులైంది.

"దబీర్‌పురాల డాక్టరా?" అని అడిగాను, ఆయనకు మాత్రమే వినబడేటట్టు.

"ఊఁ."

"ఏమన్నడు?"

"నరాల జబ్బట. మందులతోని నడుస్తది, పోదు. పని చేస్తుంటే అంతగ తెల్వది. ఊరికె ఉన్నా, ఏదన్న ఎత్తి పట్టుకొని నిలబడ్డా మొదలైతది."

"ఎప్పటి సంది?"

"దీపావళి కాణ్నుంచి."

"నాకెందుకు చెప్పలే?"

దుకాణం బయట ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు. "నీ సంగతి నాకు తెల్వదా గోదా? చెప్పిన తెల్లారి నుంచి నా చెయ్యినే చూస్తవు. నువ్వు చూస్తే గుళ్ళె అందరు చూస్తరు. హారతి పళ్ళెం నా చేతుల నుంచి జారి పడ్డదంటే, ఆ రోజే కమిటీ ఇంకొకళ్ళను తెస్తది. ఇంక నేనేం జెయ్యాలె? స్వామి దగ్గర తప్ప నాకు ఎక్కడ నిలవడ రాదు."

నాకు ఏడుపు వచ్చింది. పరుపుల దుకాణంలో, పరాయి మనిషి ముందు, మధ్యాహ్నం పూట మొగుడి పక్కన పడుకుని ఏడవడం కన్నా సిగ్గుమాలిన పని ఉండదని లేచి కూర్చున్నాను. ఇంకొక ఆడమనిషి ఉంటే బాగుండేదని కూడా ఒక్క క్షణం అనిపించింది. దానితో అయితే పోట్లాడవచ్చు.

"ప్యాక్ చేయిస్తనమ్మా?" అన్నాడు సమద్ భాయ్.

"ఇది వద్దు. ఇంత మందం వద్దు. ఒకరు కదిలితే పక్కోళ్ళకు తెలిసేది చూపించండి."

సమద్ భాయ్ గడ్డం నిమురుకున్నాడు. "అమ్మా, అందరు తెల్వనిది అడుగుతరు. తెలిసేది అంటే హల్కా మాల్, తక్కువ రకం అన్నట్టు."

"ఆ హల్కా మాలే కావాలె. నడుముకు మంచిగుండాలె, కదిలితే తెల్వాలె."

వెతికి వెతికి కొబ్బరిపీచు పరుపు ఒకటి తీశాడు, పైన ఒక్క వేలు మందాన మెమరీ ఫోమ్ పొర. పడుకుని ఆయన్ను కాలు కదపమన్నాను. తెలిసింది. అదే కొన్నాం, ముందుదానికన్నా తక్కువలోనే వచ్చింది. దాన్ని ఆటో మీద కట్టించుకుని ఇంటికి వచ్చాం. దిగేటప్పుడు ఆయన, "నరసింహ జయంతి దాక ఎవరికీ చెప్పకు" అన్నారు. సరేనన్నాను.

ఆ రెండు వారాలూ నా అనుమానమంతా ఇంట్లో నుంచి వీధిలోకి మళ్ళింది. ఎవరు ఆయన చెయ్యి వంక చూస్తున్నారు, ఎవరు చూసి పక్కవాళ్ళ చెవిలో చెప్తున్నారు అని గుళ్ళో ఒక మూల కూర్చుని కాపలా కాసేదాన్ని. తీర్థం ఇచ్చేటప్పుడు ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకునేవారు. భక్తులు అది భక్తి అనుకున్నారు. అనుకోనీ అనుకున్నాను. కమిటీ పెద్ద బాలనర్సింహ మాత్రం ఒకటికి రెండుసార్లు అటు చూశాడు. ఆయనకు బేగంబజార్లో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. గీత పడ్డ గిన్నె చూడకుండా పోనివ్వని కన్ను.

జయంతి నాడు పొద్దున్నుంచీ ఉపవాసం. నేనూ తలస్నానం చేసి మడి చీర కట్టుకుని గర్భగుడి గడపకు దగ్గరగా నిలబడ్డాను. అభిజ్ఞ వెనక ఆడవాళ్ళలో ఉంది. సాయంత్రం హారతి వేళకు గుడి నిండిపోయి, వీధిలోకి జనం. లోపల ఆయన పళ్ళెం ఎత్తారు. గంట మోగుతోంది. మంట మొదట నిలకడగానే తిరిగింది, తర్వాత అదరడం మొదలైంది. ఆయన రెండో చెయ్యి కూడా పట్టారు.

బాలనర్సింహ నా పక్కకు జరిగాడు. "అమ్మా, అయ్యగారి చెయ్యి వణుకుతున్నట్టుంది?"

"పొద్దున్నుంచి చుక్క నీళ్ళు తాగలే. గీ ఎండలకు ఉపవాసం ఉంటే ఎవరికైనా వణుకుతది" అన్నాను.

ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట. స్కూల్లో నాతో అట్లా ఎవరైనా చెప్పి ఉంటే నేను కూడా నమ్మేదాన్నే. బాలనర్సింహ తలూపాడు. కానీ నా మాట మధ్యలోనే గంట ఆగింది, నేను చూసుకోలేదు. మిగతాది గుడంతా విన్నది, లోపల ఆయనా విన్నారు.

ఆయన స్వామికి హారతి ముగించి, వెనక్కి తిరిగి గడప దాకా వచ్చారు.

"బాలనర్సింహా, ఉపవాసం కాదు. జబ్బు. నరాల జబ్బు, తగ్గది. స్వామి ముంగట ఆమెతోని అబద్ధం చెప్పించినట్టయితది, అందుకే చెప్తున్న."

ఆయన నా వైపు చూశారు.

"స్వామికి చూపెట్టేదాక నా చెయ్యి ఆగుతది గోదా. ఇంతమందికి తిప్పేదాక ఆగది. పట్టు."

మా గుళ్ళో ఆడవాళ్ళు హారతి పళ్ళెం పట్టడం నేనెప్పుడూ చూడలేదు. పళ్ళెం కింద చేతులు పెట్టాను. ఆయన వేళ్ళు వెంటనే వదలలేదు, నా వేళ్ళ మీద వణుకుతూ ఉన్నాయి. అవి నిలబడేదాకా ఆగాలనుకున్నాను గాని అవి నిలబడవని గుర్తొచ్చి తీసుకున్నాను.

తిరిగేసరికి ఎదురుగా బాలనర్సింహ. మంట ఆయన ముందు పెట్టి నిలబడ్డాను. జనమంతా బాలనర్సింహ చేతులనే చూస్తున్నారు. ఆయన పళ్ళెం చూశాడు, నా ముఖం చూశాడు.

"రేపు మాట్లాడదాం అయ్యగారూ. ఇయ్యాల కానియ్యండ్రి" అని, భుజం మీది కండువా నడుముకు చుట్టి, రెండు చేతులూ మంట మీద చాపి కళ్ళకద్దుకున్నాడు.

ఏడాదైంది, ఆ రేపు ఇంకా రాలేదు. ఆయన లోపల చూపిస్తారు, నేను బయట తిప్పుతాను. ఆ మొదటి సాయంత్రం మాత్రం వరసలో ఒక్కొక్కరి ముఖమూ చూసుకుంటూ తిప్పాను. చేతులు చాపకుండా పక్కకు జరిగినవాళ్ళు ముగ్గురే. వాళ్ళెవరో నాకు తెలుసు.